పురిటి కారులో వెచ్చగాలి

వెంకటపతి కారు హీటర్ గురించి చెప్పబోతే మా ఆరోగ్య కేంద్రంలో అందరూ ముందే నవ్వుతారు. దివిసీమలో కారుకు హీటర్ ఏమిటని వాళ్ల అనుమానం. మే నెలలో ఇక్కడ కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఏసీ పనిచేయకపోతే పెళ్లివాళ్లు డ్రైవరును దులిపేస్తారు గానీ, హీటర్ మీట ఎటు తిప్పాలో సగంమందికి తెలియదు. నాకు నోరు ఎక్కువని పేరుంది. అయినా ఈ విషయంలో వాళ్లను ఏమీ అనను. మొత్తం విన్నాక నవ్వుకోండి అంటాను.

నేను భాగ్యలక్ష్మిని. కోడూరు వైపు పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. కడుపుతో ఉన్నవాళ్లకు సూదులు వేయడం, పుట్టిన పిల్లలను తూచడం, అత్తలతో వాదించడం నా ఉద్యోగం. మూడో పని కాగితం మీద లేదు గానీ ఎక్కువ సమయం దానికే పోతుంది.

వెంకటపతి హంసలదీవి దగ్గర వేటకు వెళ్లే ఇంట్లో పుట్టాడు. తండ్రి, అన్నలు, బాబాయిలు అందరూ బోటు మీద బతికినవాళ్లే. ఇతనికి మాత్రం సముద్రం పడలేదు. ఒడ్డు కనబడుతుండగానే కడుపులో తిప్పేది. రెండు మూడేళ్లు చూసి తండ్రి విసిగిపోయి, "నువ్వు చేపల్ని పట్టలేవు గానీ మోయగలవేమో చూడు" అని ఒక ఆటో కొనిచ్చాడు. అప్పటి నుంచి మంచు పెట్టెల్లో చేపలు వేసుకుని బందరు తోలేవాడు. మాట తక్కువ మనిషి. అడిగినదానికి జవాబు చెబుతాడు, అడగనిది చెప్పడు. దీన్ని మంచి గుణమని అందరూ మెచ్చుకుంటారు. అది ఎప్పుడూ మంచిది కాదని నేనంటాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

అతని భార్య అన్నపూర్ణకు తొలిచూలు పుష్యమాసంలో, నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. తెల్లవారుజామున ఏ బండీ దొరక్క, ఆ చేపల ఆటోలోనే పడుకోబెట్టి బందరు బయలుదేరాడు. రెండు పక్కలా తెరిచి ఉన్న ఆటో, ఎదురుగా ఉత్తరపు గాలి. మోపిదేవి దాటాక దారిలోనే ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది కూడా. ఉన్న చీరలన్నీ చుట్టి ఒళ్లో పెట్టుకుంది అన్నపూర్ణ. ఆసుపత్రికి చేరేసరికి పిల్ల మంచులా చల్లబడిపోయింది. మరుసటి రోజు పోయింది. బరువు తక్కువే గానీ, వెచ్చగా తీసుకొస్తే బతికేదేమో అని అక్కడి నర్సు అన్నదట. ఆ మాట వెంకటపతి ఒక్కసారే, నాకు ఒక్కదానికే చెప్పాడు. వాళ్లకు మళ్లీ పిల్లలు పుట్టలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆటో అమ్మేసి పాత డీజిల్ కారు కొన్నాడు. బందరులో అమ్మేవాడు టైర్లు చూసుకోమంటే, ఏసీ చూసుకోమంటే వినకుండా, హీటర్ వేసి చూపించమన్నాడట. మనిషికి ఎండ దెబ్బ తగిలిందేమోనని వాడు ఎగాదిగా చూశాడట. కారు ఇంటికి వచ్చాక అందరూ చేసేవే చేశాడు. గుడి ముందు పూజ చేయించాడు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. మొదటి ఎండాకాలం రాగానే బందరులో మెకానిక్ రత్నరాజు షెడ్డుకు తీసుకెళ్లి ఇంజను చూపించాడు. రత్నరాజు పని ముగించి, దిష్టి తగలకుండా ముందు బంపరు కింద నల్లదారానికి ఒక ఇత్తడి బిళ్లలాంటిది కట్టి పంపాడు. వెంకటపతి రోజూ పొద్దున్నే కారు తుడిచి, ఆ దారానికి కొత్త నిమ్మకాయ గుచ్చి, దణ్ణం పెట్టుకుని గానీ తాళం తిప్పడు.

మా పల్లెల్లో ఆ కారుకు పురిటి కారు అని పేరు పడిపోయింది. పెళ్లి బేరం ఒప్పుకుని కూడా, నొప్పులు వచ్చాయని కబురు వస్తే అటే వస్తాడు. పెళ్లివాళ్ల తిట్లు అన్నపూర్ణ పడుతుంది. అయితే ఒక్కటి గమనించాను. తల్లుల్ని చెయ్యి పట్టి దింపుతాడు, సంచులు మోస్తాడు, పిల్లను మాత్రం తాకడు. ఎవరైనా అందించబోతే సంచి వెతుక్కుంటాడు. నేను ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

ఈ డిసెంబరులో మా ఊరి హారికకు ఆపరేషన్ చేసి ముందుగానే పాపను తీశారు. గుప్పెడంత పిల్ల. బందరు ఆసుపత్రిలో గాజు పెట్టెలో వెచ్చగా పెట్టి చూశారు. హారిక భర్త సతీష్ వేటకు వెళ్లి ఉన్నాడు. హారిక వరండాలో చాప మీద పడుకుని, నర్సులు పిలిచినప్పుడు వెళ్లి పాలు పిండి ఇచ్చి, అద్దంలోంచి చూసి వచ్చేది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గారు రెండే మాటలు చెప్పారు. ప్రతివారం తీసుకురావాలి. పిల్ల చల్లబడకూడదు. ఇంట్లో ఉన్నంతసేపూ హారిక పాపను రొమ్ముకు హత్తుకుని గుడ్డతో కట్టుకునే ఉండేది. నేను చెప్పిన మాటను ఇంత బుద్ధిగా విన్న తల్లిని చూడలేదు. కానీ కారులో అంతదూరం అలా కూర్చోవడం ఆ పచ్చి కుట్లతో ఆమె వల్ల కాలేదు. గతుకు వచ్చినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగేవి.

డాక్టరమ్మ గారు పొద్దున్నపూటే చూస్తారు కాబట్టి, మొదటి వారం తెల్లవారగానే బయలుదేరాం. వెనక హారిక, పాప, అత్తగారు పుష్పావతి. ముందు నేను. మంచు బాగా పట్టింది. వెంకటపతి హీటర్ వేశాడు. కోడూరు రోడ్డు గతుకుల్లో నెమ్మదిగా పోతుంటే కారంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టు హాయిగా ఉంది. పుష్పావతి చెంగుతో విసురుకుంది కూడా. అవనిగడ్డ దాటి, పులిగడ్డ దగ్గర పెద్ద రోడ్డెక్కి కారు వేగం అందుకుంది. కాసేపటికి నా మోకాళ్లకు చల్లగా తగిలింది. గాలి వచ్చే కంత దగ్గర చెయ్యి పెడితే, బయటి గాలే లోపలికి వస్తున్నట్టుంది.

"వెంకటపతీ, హీటర్ ఆపేశావా?"

"లేదక్కా. వేసే ఉంది. బాగా చలిపెట్టిన రోజుల్లో అప్పుడప్పుడూ ఇలా చేస్తుంది."

"అయితే ఆ ఫ్యానన్నా ఆపు."

ఆపాడు. నిమిషం తిరక్కుండానే మా ఊపిర్లకు ముందద్దం తెల్లగా కమ్మేసింది. ఎదురుగా లారీ వస్తోందో గేదె వస్తోందో తెలియదు. ఫ్యాను వేస్తే పాపకు చలి, ఆపితే అందరికీ చావు. మళ్లీ వేయక తప్పలేదు. మోపిదేవిలో కారు ఆపి, ఇంజను నడుస్తుండగానే దిగి, స్వామి గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. అది అతని అలవాటే. ఆ రోజు కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. తిరిగి వచ్చి కూర్చునేసరికి గాలి వెచ్చగా వస్తోంది.

పుష్పావతి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "చూశావా అమ్మా. పిల్ల పుడితే స్వామికి మొక్కు తీరుస్తానన్నాను. ఇంకా తీర్చలేదు. అదీ సంగతి. నాయనా, వచ్చేవారమే తీరుస్తాను" అంది.

నేను దేవుణ్ణి ఏమీ అనను. ఆ క్షణంలో నేనూ మొక్కాను. కానీ మోపిదేవి దాటి కొంతదూరం పోగానే మళ్లీ చలి. చల్లపల్లి సెంటరులో బస్సుల మధ్య ఇరుక్కుంటే మళ్లీ వేడి. ఆ తర్వాత బందరు దాకా చలే. హారిక తన చెంగు, నా శాలువా, పుష్పావతి దుప్పటి అన్నీ పాప మీదే కప్పి, పైన తను వంగి కూర్చుంది. వెంకటపతి వెనక్కి చూడలేదు. అతనికి ఏం గుర్తొస్తోందో నాకు తెలుసు. నాకు దుఃఖం వచ్చింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

డాక్టరమ్మ గారు థర్మామీటరు చూసి కళ్లజోడు తీసేశారు. "ఇంత చల్లగా తీసుకొస్తే ఎలాగమ్మా? మధ్యాహ్నం దాకా ఇక్కడ వెచ్చగా ఉంచుతాను. ఎండ ఉండగానే ఇంటికి చేరండి. వచ్చేవారం కూడా ఇలాగే వస్తే మళ్లీ చేర్చుకుంటాను. తప్పదు."

మళ్లీ గాజు పెట్టె, మళ్లీ వరండా. హారిక నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. నేను దాన్ని మెల్లగా విడిపించుకుని బయటికి వచ్చి, "పద, నీ రత్నరాజు దగ్గరికి" అన్నాను.

రత్నరాజు షెడ్డు బస్టాండు దాటాక ఉంది. లావుపాటి మనిషి, మాటకు ముందు నవ్వు. ఊళ్లో సగం కార్లు అతని చేతిలోవే. వెంకటపతి సంగతి చెప్పగానే బోనెట్ ఎత్తి, ఇంజను నడిపి, హీటరుకు వెళ్లే రెండు పైపులనూ చేత్తో తడిమాడు. రెండూ కాలుతున్నాయి. నీళ్లు చూశాడు, నిండుగా ఉన్నాయి. పైపుల్లో గాలి చేరిందేమోనని మూత తీసి వదిలాడు. మీట కింద తీగ లాగి చూశాడు. లోపల కూర్చుని చూస్తే భగభగమని వేడిగాలి.

"బావా, నీ హీటరుకు ఏ రోగమూ లేదు. చేపల పులుసు వండుకోవచ్చు" అన్నాడు.

"దారిలో చల్లగా వస్తోంది బావా."

"దారిలో వస్తే దారే బాగోలేదేమో చూడు."

నాకు ఒళ్లు మండింది. జ్వరం వచ్చి పోయే రోగిని, జ్వరం లేనప్పుడు చూసి ఇంటికి పంపే డాక్టర్లను చాలామందిని చూశాను. "రత్నరాజు గారూ, మా దగ్గరకు మనిషి వస్తే చెయ్యి పట్టుకోకముందు ఒకటి అడుగుతామండీ. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది అని. మీరు అది అడగనే లేదు" అన్నాను.

అతను నవ్వు ఆపి, చేతులు తుడుచుకుని, "చెప్పు బావా" అన్నాడు.

వెంకటపతి తల వంచుకుని చెప్పుకొచ్చాడు. ఊరి రోడ్డులో వేడి. పులిగడ్డ దాటాక చలి. మోపిదేవిలో దణ్ణం పెట్టుకున్నాక వేడి. తర్వాత చలి. చల్లపల్లి సెంటరులో వేడి. మళ్లీ చలి. బందరు వీధుల్లోకి వచ్చాక వేడి.

"అంటే ఆగిన చోటల్లా వేడెక్కుతోంది" అన్నాను నేను. "పరిగెత్తిన చోటల్లా చల్లబడుతోంది."

"ఇక్కడ ఆగి ఉంది కాబట్టే నాకు బాగున్నట్టు కనబడుతోంది" అన్నాడు రత్నరాజు. బోనెట్ మూసేశాడు. "పదండి, రోడ్డెక్కుదాం" అన్నాడు.

చల్లపల్లి రోడ్డు మీద వెంకటపతి వేగంగా తోలాడు. రత్నరాజు ఒక చెయ్యి గాలి కంత దగ్గర పెట్టి, కళ్లు మాత్రం ఇంజను వేడి చూపించే ముల్లు మీద నిలిపాడు. కాసేపటికి ఆ ముల్లు మధ్యలోంచి మెల్లగా కిందికి దిగసాగింది. దానితోపాటే గాలీ చల్లబడింది. "ఆపు బావా" అన్నాడు. పక్కకు తీసి ఆపి, ఇంజను నడుస్తుండగానే అలా కూర్చున్నాం. ముల్లు మళ్లీ పైకి లేచింది. వేడిగాలి వచ్చింది. ఎవరూ ఏ గుడికీ మొక్కలేదు.

"హీటరుకు విడిగా పొయ్యి ఏమీ ఉండదండీ" అన్నాడు నాతో. "ఇంజను వేడి నీళ్లే అటు తిరుగుతాయి. ఇంజనే చల్లబడితే అదేం చేస్తుంది? ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్ ఒకటి ఉంటుంది. దీనికి అది లేదు."

"ఏమైంది?" అన్నాడు వెంకటపతి.

"తీసేశాం కదా బావా."

"ఎవరు?"

"నేనే. నువ్వు కారు కొన్న ఎండాకాలంలో. తీసేస్తానంటే నువ్వూ సరేనన్నావు. అందరికీ తీస్తాను. ఆ వాల్వ్ ఎండల్లో ఇరుక్కుపోయిందంటే ఇంజను ఉడికిపోతుంది. మనకి ఆ చలిదేశం సామాను ఎందుకని ఈ చుట్టుపక్కల ఒక్క పాత బండికీ ఉంచను." ఒక్క క్షణం ఆగి, దిగి, బంపరు ముందు వంగి నల్లదారం పట్టుకుని ఎత్తాడు. నిమ్మకాయ కింద, మిరపకాయల మధ్య, ఆ ఇత్తడి బిళ్ల. "ఇదిగో. ఇదే."

వెంకటపతి దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నేళ్లూ రోజూ పొద్దున్నే అతను దణ్ణం పెట్టుకుంటున్నది దానికే. నాకు నవ్వు రాబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

"నేను ఈ కారు కొన్నది హీటర్ కోసమే బావా" అన్నాడు చివరికి.

"ఆ మాట నాకెప్పుడైనా చెప్పావా?"

"చెప్పలేదు."

"చెబితే తీసేవాణ్ణా?"

వెంకటపతి అప్పుడు చెప్పాడు. లారీలు పోతున్న రోడ్డు పక్కన నిలబడి, ఆటో సంగతి, ఉత్తరపు గాలి సంగతి, ఏడ్చిన పిల్ల సంగతి, చీరల సంగతి. కొన్ని ముక్కల్లోనే చెప్పేశాడు. ఇన్నేళ్లుగా బావా బావా అనుకుంటూ కలిసి టీ తాగిన మనిషికి ఆ సంగతి తెలియదంటే నాకు ఆశ్చర్యమేసింది. రత్నరాజు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూసి, రోడ్డు పక్కన చేపలమ్మే మనిషి దగ్గరకు వెళ్లి, విరిగిన థర్మోకోల్ పెట్టె మూత ఒకటి అడిగి తెచ్చాడు. దాన్ని గ్రిల్‌కు సగం అడ్డంగా పెట్టి తాడుతో బిగించాడు.

"ముల్లు మీద కన్నేసి తోలు. మధ్య దాటి పైకి పోతే ఆపి ఇది తీసెయ్" అన్నాడు.

అదే రోడ్డులో, అదే వేగంతో తిరిగి వచ్చాం. ముల్లు దిగలేదు. బందరు చేరేదాకా గాలి వెచ్చగానే ఉంది. చేపలు చల్లగా ఉండటానికి పెట్టే మూత అది. ఆ సాయంత్రం పాప ఆ మూత చలవ వల్లే వెచ్చగా ఇల్లు చేరింది.

కొత్త వాల్వ్ బందరులో ఎక్కడా దొరకలేదు. అందరూ తీయించుకునేదాన్ని ఎవరు తెచ్చి అమ్ముతారు? చివరికి గుడివాడలో ఒక పాత సామాన్ల కొట్టు అటక మీద, దుమ్ము పట్టిన పెట్టెలో దొరికింది. రత్నరాజు స్వయంగా వెళ్లి తెచ్చాడు. బిగించే ముందు దాన్ని వేడినీళ్ల గిన్నెలో వేసి, వేడికి నోరు తెరుచుకోవడం, తీస్తే మూసుకోవడం వెంకటపతికి చూపించాడట. ఎండాకాలం వస్తే మళ్లీ తీద్దామా అని మాత్రం అడగలేదట.

తర్వాతి వారం మళ్లీ తెల్లవారగానే బయలుదేరాం. చలి ఇంకా పెరిగింది, పొలాల మీద మంచు తెరలాగా నిలిచిపోయింది. పులిగడ్డ దాటి పెద్ద రోడ్డెక్కాక నేను కంత దగ్గర చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను. ముల్లు మధ్యలోకి వచ్చి అక్కడే నిలబడింది. వెంకటపతి రోడ్డును చూసింది తక్కువ, ముల్లును చూసింది ఎక్కువ. చివరికి నేనే కసురుకోవాల్సి వచ్చింది. మోపిదేవిలో కారు ఆపాడు. పుష్పావతి దిగి మొక్కు తీర్చుకుని వచ్చింది.

"వాల్వ్ వేశాక బాగైందమ్మా, స్వామి ఏం చేశాడు?" అన్నాను ఆమెను ఉడికించడానికి.

"ఆ వాల్వ్ సంగతి రత్నరాజుకి గుర్తు చేసిందెవరనుకుంటున్నావ్?" అంది. ఆమెతో వాదించి గెలిచిన రోజు నా ఉద్యోగంలో ఒక్కటీ లేదు.

బందరులో ఆసుపత్రి ముందు ఆగాం. పుష్పావతి ఫ్లాస్కు, దుప్పట్లు తీసుకుని అవతలి తలుపు నుంచి దిగుతోంది. హారిక కుట్లు నొప్పి పెడుతుంటే, ఒక చేత్తో తలుపు పట్టుకుని లేవలేక ఆగిపోయింది. వెంకటపతి వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"మావయ్యా, ఒక్క నిమిషం పాపని పట్టుకోండి" అంది.

అతను నా వైపు చూశాడు. నా చేతిలో సంచి ఉంది. దాన్ని కింద పెట్టడం నాకేమీ కష్టం కాదు. పెట్టలేదు.

చేతులు చాచాడు. పాపను తీసుకుని, మా పల్లెల్లో తల్లులందరికీ నేను చెప్పే మాట ఎప్పుడు విని గుర్తుపెట్టుకున్నాడో, గుడ్డ కాస్త తప్పించి, చేతి వెనకవైపుతో అరికాలిని తాకి చూశాడు. కాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

"అక్కా, వెచ్చగా ఉంది" అన్నాడు. ఆ తర్వాత మరోసారి, నాతో కాదు, "వెచ్చగానే ఉంది" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నిలబడ్డాడు.

హారిక దిగి చేతులు చాచింది. అతను చూడలేదు. పాపను గుండెకు హత్తుకుని, మెట్లు ఎక్కి, డాక్టరమ్మ గారి గది వైపు నడిచాడు. హారిక, పుష్పావతి అతని వెనక వెళ్లారు. కారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది, హీటర్ తిరుగుతూనే ఉంది. నేను లోపలికి వంగి తాళం తిప్పి ఆపి, వాళ్ల వెనక వెళ్లాను.